విప్పగలిగే మంచం



సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో ఇంటికి ఎంతమంది చుట్టాలొస్తారో నేను చెప్పక్కర్లేదు. హైదరాబాదు నుంచి కొడుకూ కోడలూ, బెంగుళూరు నుంచి అల్లుడుగారు, కువైట్ నుంచి సెలవు మీద మేనత్త కొడుకు. ఇంట్లో ఉన్న పక్కలు చాలవు. సప్లై కంపెనీ నుంచి పరుపులూ దిళ్ళూ అద్దెకి తెస్తాం. భోగీ, పండగా, కనుమా, ముక్కనుమా అయిపోయాక చుట్టాలు వెళ్ళిపోతారు, అద్దె పరుపులూ వెళ్ళిపోతాయి. ఒక జాతి మాత్రం వెళ్ళదు. సూట్‌కేసు మడతలోంచో, అద్దె పరుపు కుట్టులోంచో దిగి మన మంచం పట్టెలో కాపురం పెట్టేస్తుంది. ఆ సంగతి అప్పుడే తెలీదు. శివరాత్రి దగ్గర పడేసరికి తెలుస్తుంది. ఆ ఏడు జాగారం ఒక్క రాత్రితో సరిపోదు.

నల్లుల గురించే చెబుతున్నానండి.

సంక్రాంతికి దిగినవి శివరాత్రిదాకా ఎందుకు బయటపడవంటే, దానికో లెక్క ఉంది. కడుపుతో ఉన్న ఆడనల్లి ఒక్కటొస్తే చాలు. తిండి దొరికినన్నాళ్ళూ రోజుకి ఒకటి, రెండు, మూడు చొప్పున గుడ్లు పెడుతూ పోతుంది. మిల్లీమీటరు పొడుగు, తెల్లటి రంగు, చెక్కకి జిగురుతో అతుక్కుని ఉంటాయి. మన వాతావరణంలో వారం పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ పిల్ల పెద్దదవ్వాలంటే అయిదుసార్లు కుబుసం విడవాలి, విడిచే ముందు ప్రతిసారీ కడుపు నిండా రక్తం తాగాలి. ఇదంతా అయ్యేసరికి అయిదారు వారాలు, చలి రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. పండక్కి దిగిన ఒక్కదాని పిల్లలు మాఘమాసం చివరికి పెళ్ళీడుకొస్తాయన్నమాట. ఈ లెక్క కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితోనే పని.

ఇంట్లో నల్లులున్నాయని పక్కింటివాళ్ళకి చెప్పడానికి మనకి నామోషీ. ఆ నామోషీలో అర్థం లేదు. 2023లో ప్యారిస్ నగరమంతా నల్లుల గోలే. రైళ్ళలో ఉన్నాయని, సినిమా హాళ్ళలో ఉన్నాయని జనం హడలిపోతే, ప్రభుత్వం సమావేశాలు పెట్టింది. అదే ఏడు దక్షిణ కొరియా కూడా ఉలిక్కిపడింది. అంతదాకా ఎందుకు, శివుడు కొండెక్కి పడుకోవడానికీ, విష్ణుమూర్తి పాముని పక్కగా చేసుకోవడానికీ నల్లి బాధే కారణమని వేళాకోళమాడిన చాటుపద్యం మన తాతలకి నోటికొచ్చు. నల్లి మురికిని చూసి రాదండి. దానికి కావలసినవి రెండే, మనిషి రక్తం, దాక్కోవడానికో సందు. అద్దంలా తుడిచిన ఇంట్లో కూడా ఆ రెండూ ఉంటాయి.

మన ప్రాంతంలో ఇంకో భయం ఉంది. రక్తం తాగే పురుగనగానే గోదావరి వాళ్ళకి బోదకాలు గుర్తొస్తుంది. అది సహజమే. ఫైలేరియా మన డెల్టాని తరాలపాటు పీడించింది. రాజమండ్రిలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం వారి శాఖ ఉందన్నా, ఫైలేరియా వాళ్ళు రాత్రిపూట ఇళ్ళకొచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకెళ్ళేవారన్నా, అంతా ఆ జబ్బు మూలంగానే. కానీ బోదకాలు దోమ పని, నల్లిది కాదు. నల్లి కాటు వల్ల ఒక మనిషి జబ్బు ఇంకో మనిషికి అంటుకుంటున్నట్టు ఇంతవరకూ రుజువు కాలేదు. దురదా దద్దుర్లూ, గోకి గోకి పుళ్ళు పడడం, నిద్ర లేక పగలంతా చిరాకు, ఇవే దాని బాధలు. పసిపిల్లల్ని మరీ విపరీతంగా పీకేస్తే రక్తం తగ్గుతుంది. చాలవూ?

ఇక అసలు విషయానికొద్దాం. అరవై దాటినవాళ్ళకి ఎండాకాలంలో మంచాలు కడిగే రోజు గుర్తుండే ఉంటుంది. రోహిణి కార్తె వచ్చేలోగా ఒక పొద్దున్నే ఇంట్లో మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేవి. నవారు మంచమైతే నవారు మొత్తం విప్పి చుట్టచుట్టి, గంగాళంలో సోడా వేసి ఉడకబెట్టేవారు. మంచం కోళ్ళూ పట్టెలూ సుత్తితో తట్టి ఊడదీసేవారు. పట్టె చివర కోడు బెజ్జంలోకి దిగే చోటుందే, నల్లులకి అదే రాజధాని. ఆ బెజ్జంలోకి చెంబుతో కుతకుతలాడే నీళ్ళు పోసేవారు. తర్వాత కోడుని నేలకేసి దబదబా కొట్టేవారు. మంచం కోళ్ళలోంచి రాలినవాటిని పెరటి కోళ్ళు ఏరుకు తినేవి. నులక మంచాలకి ఇంకో పద్ధతి. కాలవలు కట్టేసేలోపు తీసుకెళ్ళి కాలవలోనో, లేకపోతే చెరువులోనో పడేసి, తేలకుండా పైన రాళ్ళు పెట్టి రెండు మూడు రోజులు వదిలేసేవారు. తీసి ఎండలో ఆరేసేవారు. పడక్కుర్చీ గుడ్డ కూడా తీసి ఉతికేవారు, కర్ర దూర్చే మడతలో నల్లులు బారులు తీరి ఉండేవి కాబట్టి.

ఇది ఉత్త చాదస్తమేమీ కాదు. నానబెట్టడం సంగతే చూడండి. బ్రిటన్‌లో శాస్త్రజ్ఞులు నల్లులున్న గుడ్డల్ని ఒక రోజంతా చన్నీళ్ళలో నానేసి చూసి, 2010లో ఫలితం ప్రకటించారు. పెద్ద నల్లులూ పిల్ల నల్లులూ చచ్చాయి. గుడ్లు మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే మనవాళ్ళ పనిలో చెరువు ఒక్కటీ సగమే, మిగతా సగం ఎండా వేణ్ణీళ్ళూ చెయ్యాలి. వేడి లెక్క కూడా తేలిపోయింది. 48 డిగ్రీల వేడి గంటన్నర పాటు నిలకడగా తగిలితే గుడ్డుతో సహా పోతాయి. 50 దాటితే ఇక నిమిషాల పనే. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు 100 డిగ్రీలు, చెంబులోకి ముంచి బెజ్జంలో పోసేసరికి ఎంత చల్లారినా చావాల్సినదానికంటే ఎక్కువే ఉంటుంది.

మా ఊరి ఎండే 45 డిగ్రీలు, పరుపు డాబా మీద పడేస్తే చాలదా అంటారేమో. చాలదండి. పరుపు పైగుడ్డ కాలిపోతుంటుంది కానీ లోపలి దూది చల్లగానే ఉంటుంది. నల్లి ఎండలో కూర్చుని చావదు, అడుగు వైపు నీడలోకి జరుగుతుంది. అంతగా ఎండే పెట్టాలంటే, దిళ్ళూ బొంతల్లాంటి పల్చటివి నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, మిట్టమధ్యాహ్నం సిమెంటు డాబా మీద పడేసి, రెండు మూడు గంటలకోసారి తిరగెయ్యాలి. అప్పుడు పారిపోవడానికి దారి ఉండదు.

ఇప్పుడు మన ఇంట్లో మంచాలు చూడండి. పాత పట్టెమంచం విప్పడానికి పుట్టింది. ఇవాళ్టి బాక్సు మంచం విప్పకుండా ఉండడానికే పుట్టింది. ప్లైవుడ్‌కి ప్లైవుడ్ మేకులు కొట్టి, అంచుకి పట్టీ అతికించి, తలవైపు మెత్తటి దిండు బల్ల బిగించి, గోడకి ఆనించేస్తారు. అడుగున పెట్టెలో పాత చీరలు, దుప్పట్లు, పెళ్ళినాటి ఆల్బములు. సోఫా అడుగు తిరగేస్తే నల్లటి పల్చటి గుడ్డ స్టేపుల్ పిన్నులతో కొట్టి ఉంటుంది. ఆ గుడ్డకీ చెక్కకీ మధ్య చీకటి, పక్కనే మనుషుల వేడి, ఇంతకంటే నల్లికేం కావాలి? ఇనుప మంచమైతే ఉండవనుకుంటాం. దాని కాళ్ళు బోలు గొట్టాలు. కింద రబ్బరు బుడిపె ఊడదీసి చూడండి, మీకే తెలుస్తుంది. నా మాటకి ఏమాత్రం విలువ ఇచ్చేట్టయితే, కూతురికి సారె పెట్టేటప్పుడు మంచం నునుపు చూడకండి, బోల్టులు చూడండి. విప్పి బిగించుకునే మంచం కొనండి. షాపువాడు అదోలా చూస్తాడు, చూడనివ్వండి.

ఉన్న సామాను మాటేమిటి? ముందు వెతకాలి. రాత్రి దీపాలార్పి, తెల్లవారుజామున మూడింటికి సెల్‌ఫోను లైటు వేసి దుప్పటి ఎత్తండి. ఆ వేళకి తిరుగుతుంటాయి. పగలైతే ఆనవాళ్ళు చూడాలి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, గోధుమరంగు కుబుసాలు, పరుపు అంచున తాడులా కుట్టిన మడతలో తెల్ల గుడ్లు. పాత ఏటీఎం కార్డు ఒకటి తీసుకుని చెక్క సందుల్లో నిలువునా గీకండి. మంచంతోనే ఆపకండి. క్యాలెండరు వెనక, దేవుడి పటం వెనక, మంచం పక్కన ఉన్న స్విచ్చుబోర్డు చుట్టూ, తలుపు కీలు దగ్గర కూడా చూడండి. ఇంకో చోటు చాలామంది మర్చిపోతారు. దోమతెర. మన డెల్టాలో దోమతెర లేని మంచం ఉండదు కదా, దాని పైకొసల కుట్లలో, తాడు కట్టే చెవుల్లో గుట్టుగా కూర్చుంటాయి. దోమతెర లోపల పడుకుని దురదలేమిటని దోమల్ని తిడుతుంటాం.

దొరికాక చెయ్యాల్సింది వేడే. దుప్పట్లు, గలేబులు, దోమతెర సలసలా కాగే నీళ్ళలో వేసి గంటసేపు వదిలెయ్యండి. వాషింగు మిషనుంటే 60 డిగ్రీల మీట తిప్పండి. మంచం బోల్టులు విప్పి, ఏ ముక్కకా ముక్క డాబా మీదకి చేర్చండి. ఒట్టి కర్ర అయితే మరిగే నీళ్ళు పోయొచ్చు. ప్లైవుడ్ మీద నీళ్ళు పోస్తే ఉబ్బిపోతుంది. దానికి బట్టలకి ఆవిరి పట్టే స్టీమరు వాడండి, సందు వెంబడి మెల్లిగా, అంగుళం అంగుళం జరుపుతూ. తొందరపడితే వేడి లోపలికి దిగదు. పరుపు అంచు కుట్ల మీద తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె అంచు ఆనించి ఆవిరి పట్టించవచ్చు, నురుగు పరుపైతే జాగ్రత్త, కరుగుతుంది. సోఫా అడుగు నల్లగుడ్డ మొహమాటం లేకుండా చింపి పారెయ్యండి, అది అందానికే తప్ప సోఫా బరువు మొయ్యదు. అన్నీ ఆరాక వడ్రంగిని పిలిచి, మేకు కన్నాలూ చెక్క పగుళ్ళూ లప్పం పెట్టించి, పైన వార్నిష్ కొట్టించండి. నల్లికి సందు లేకుండా చెయ్యడం నల్లిని చంపడంలో సగం.

ఇదంతా చేశాక హాయిగా పడుకుని, ఈ పని అయిపోయిందనుకుంటాం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న లెక్క ఇక్కడ కావాలి. వేడి తగలని ఏ మూలో నాలుగు గుడ్లు మిగిలి ఉంటాయి. వారం పది రోజులకి అవి పిల్లలవుతాయి. అవి పెద్దవై గుడ్లు పెట్టేలోగా పట్టుకోవాలి. అంచేత రెండు వారాలకి ఇదే పని మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలి. ఆ పై రెండు వారాలకి ఇంకోసారి. నల్లులు తిరగబెట్టాయని వాపోయేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో విడత ఎగ్గొట్టినవాళ్ళే.

మధ్యలో మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టుకోవడం పాత అలవాటే. కోనసీమలో కొబ్బరి చిప్పలకి కొదవా? మంచాన్ని గోడకి జానెడు దూరం జరిపి, దుప్పటి అంచులు నేలకి తగలకుండా చూసుకుంటే, నేల మీద నల్లి పైకెక్కాలంటే ఆ చిప్ప దాటాలి. ఇక్కడో తమాషా ఉంది. పై దేశాల వాళ్ళు ఇలాంటి పనికి నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు అమ్ముతారు, పడిన నల్లి పైకి పాకలేదని. వాళ్ళ నల్లి పాకలేదు. మనలాంటి వేడి దేశాల్లో ఉండే నల్లి వేరే జాతి, దాని కాళ్ళకి పట్టు ఎక్కువ, నున్నటి గోడ మీద కూడా ఎక్కేస్తుందని 2017లో పరీక్షించి తేల్చారు. కనక మన గిన్నెలో నీళ్ళుండాలి, ఆ నీళ్ళలో రెండు చుక్కలు సబ్బు ఉండాలి. రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చండి, లేకపోతే నల్లుల్ని వదిలించుకోబోయి దోమల్ని పెంచినవాళ్ళం అవుతాం.

ఆకుల వైద్యం గురించి అడుగుతారు. వేపాకు, వాయిలాకు పక్క కింద వేస్తే ఘాటుకి కాస్త తప్పుకోవచ్చు, పక్కగదిలోకి. బాల్కన్ దేశాల్లో మంచం చుట్టూ చిక్కుడాకులు పరిచి, తెల్లారాక నల్లులతో సహా ఊడ్చి తగలబెట్టేవారట. ఆ ఆకు మీద కొక్కేల్లాంటి సన్నని నూగు ఉంటుందనీ, అది నల్లి కాలికి గుచ్చుకుని కదలనివ్వదనీ అమెరికా శాస్త్రజ్ఞులు 2013లో చూపించారు. అయితే అది రాజ్మా చిక్కుడు. మన పందిరి చిక్కుడు దూసుకొచ్చి పరిచేరు, సంక్రాంతికి కూర ఉండదు.

మందుల సంగతి చివరికి పెట్టింది కావాలనే. ఒకప్పుడు మందుతో నల్లి నిజంగానే పోయింది. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు, 1948లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1953లో మలేరియా నివారణ పథకం మొదలై, పంపులు భుజాన వేసుకుని మనుషులు ఊరూరా తిరిగి గోడలకి డీడీటీ కొట్టారు. దోమల కోసం కొట్టిన మందుకి మొదట్లో నల్లులూ పోయాయి. జనం సంతోషించారు. కానీ 1947లోనే హవాయి దీవుల్లో ఆ మందుకి చావని నల్లులు బయటపడ్డాయి, మన దేశంలోనూ కొద్ది ఏళ్ళకే తయారయ్యాయి. చావకపోగా, మందు తగిలితే చిర్రెత్తి సందుల్లోంచి బయటికొచ్చి పట్టపగలే కుట్టేవి. మలేరియా వాళ్ళొచ్చి నల్లుల్ని పెంచి పోయారని దేశంలో చాలా చోట్ల గోడలకి మందు కొట్టనివ్వలేదు. జనం అన్నదాంట్లో సగం నిజముంది.

ఆ తర్వాత టిక్-20 అనే నల్లుల మందు వచ్చింది. ఆ పేరు చెబితే పెద్దవాళ్ళకి నల్లుల కన్నా ముందు ఆత్మహత్యలు గుర్తొస్తాయి. నువాన్ పేరుతో అమ్మిన డైక్లోర్వాస్‌ని 2020 డిసెంబరు 31 నుంచి కేంద్రం నిషేధించింది, ఎక్కడైనా పాత సీసా ఉంటే ముట్టుకోకండి. ఇప్పుడు బజార్లో దొరికే స్ప్రేలు చాలామటుకు పైరెత్రాయిడ్ కుటుంబానివి. దోమల చుట్టలోనూ, మందు పట్టించిన దోమతెరలోనూ ఉండేవి ఈ కుటుంబం మందులే. ఇన్నేళ్ళుగా వాటి మధ్యే కాపురం చేస్తున్న నల్లికి అవంటే లెక్కలేదు. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిస్తే రెండు ప్రశ్నలడగండి. ఏ మందు కొడుతున్నారు, రెండు వారాలకి మళ్ళీ వస్తారా. రెండోదానికి తడబడితే పంపించెయ్యండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మండపేట, తణుకు, భీమవరం, ఎటు చూసినా మనది రైసు మిల్లుల సీమ. ధాన్యం గోదాముల్లో పురుక్కి పెట్టే మాత్రలు, సెల్ఫాస్ అనీ ఇంకోటనీ, ఎవరో తెలిసినవాళ్ళు రెండు చేతిలో పెడతారు, మంచం కింద పెట్టి తలుపేసుకో, నల్లి అన్నది ఉండదని. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. మన గోదావరి గాలిలో తేమకేం తక్కువ? ఆ వాయువు తలుపు సందుల్లోంచి పక్కగదిలోకి, పక్క వాటాలోకి పోతుంది. దానికి విరుగుడు మందు లేదు. ఇళ్ళల్లో ఈ మాత్రలు పెట్టి పసిపిల్లలు పోయిన సంఘటనలు మన దేశంలో మళ్ళీ మళ్ళీ జరిగాయి. అలాగే చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు పరుపు మీద చల్లడం, కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గియ్యడం కూడా ప్రమాదమే. నల్లి కుడితే దురద పుడుతుంది, అంతే. ప్రాణం మీదకి తెచ్చేది మన తొందరే.

వదిలాయని ఎప్పుడు అనుకోవాలి? రెండు నెలలపాటు కొత్త మచ్చ, కొత్త కుబుసం, కొత్త దద్దురు కనపడకపోతే, గిన్నెల్లో ఏదీ పడకపోతే, అప్పుడు. ఖాళీ గదికి తాళం వేసి మాడుస్తానంటే కుదరదు, నల్లి రక్తం లేకుండా నెలల తరబడి ఉండగలదు. మరీ పాడైన పరుపో సోఫావో పారెయ్యాల్సి వస్తే, ఎవరికీ దానమివ్వకండి, వీధి మలుపులో వదలకండి. గుడ్డ చించేసి, చెక్క విరిచేసి, మళ్ళీ ఎవరూ ఎత్తుకెళ్ళడానికి వీల్లేకుండా చేసి మున్సిపాలిటీ బండికెత్తించండి. పాత సామాను కొనుక్కునేవాళ్ళు సోఫాని గుమ్మం దాటించక ముందే వాకిట్లో బోర్లా తిప్పి చూడండి.

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో సత్రాలూ లాడ్జీలూ నిండిపోతాయి, మిగిలిన జనం మన ఇళ్ళకే. వచ్చినవాళ్ళ పెట్టెల్ని మంచాల మీద పెట్టనివ్వకండి, నేల మీద కూడా వద్దు, ప్లాస్టిక్ కుర్చీలు వేసి వాటి మీద పెట్టించండి. మొహమాటమైతే, మంచం మీద ఇప్పుడే ఉతికిన దుప్పటి వేశామండీ అనండి. చుట్టాలు రైలెక్కాక దుప్పట్లన్నీ తిన్నగా కాగే నీళ్ళలోకే, పరుపు అంచులు ఒక రాత్రి లైటు వేసి చూసుకోండి, మళ్ళీ రెండు వారాలకి ఇంకోసారి.